ఏ పరీక్షలో పాసైంది?

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి మీద ల్యాబ్ రిపోర్టు బయటికొచ్చినప్పుడు, అది నెయ్యా కాదా అన్న ప్రశ్నే అందరి నోటా వినిపించింది. దానికి ముందు అడగాల్సింది ఇంకోటుంది: ఏ పరీక్ష చేశారు, అది దేన్ని పట్టగలదు? నెయ్యి, డాల్డా, పామాయిల్, గొడ్డు కొవ్వు అన్నీ రసాయనికంగా ఒకే ఇంటివి. గ్లిజరాల్‌కు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న ట్రైగ్లిజరైడ్లే అన్నీనూ. ఒక్క పరీక్షతో వాటన్నిటినీ వేరు చేయడం కుదరదు.

బౌడోయిన్ పరీక్షనే తీసుకోండి. కరిగించిన నెయ్యిలో గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త ఫర్‌ఫ్యూరాల్ ద్రావణం వేసి బాగా కుదిపాక అడుగున ఆమ్లం ఎర్రబడితే వనస్పతి కలిసిందని అర్థం. నిజానికి ఆ రంగు తెచ్చేది నువ్వుల నూనె. కల్తీ దొరికిపోవాలనే వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండాలని మన నిబంధన. ఎంత ముందుచూపు! కానీ పామాయిల్‌ని నేరుగా కలిపితే ఆ రంగు రాదు. అప్పుడు స్టెరాల్స్ చూడాలి. పాలకొవ్వులో కొలెస్టరాల్ ఉంటుంది, మొక్కల నూనెల్లో ముఖ్యంగా బీటా సైటోస్టెరాల్. రెండింటికీ తేడా రెండు కార్బన్ల చిన్న కొమ్మ. ఆ కొమ్మే నూనెను పట్టిస్తుంది. గొడ్డు కొవ్వును మాత్రం పట్టించలేదు, అందులోనూ కొలెస్టరాలే కదా. రైకర్ట్-మైసెల్ విలువది ఇంకో దారి. ఆవిరితో తోలి కొలిచేది ప్రధానంగా పాలకొవ్వుకే ప్రత్యేకమైన బ్యూటిరిక్ ఆమ్లాన్ని. మంచి నెయ్యికి ఆ విలువ 28, ఆపైన ఉంటుంది. కొబ్బరినూనెకు 6 నుంచి 8. బలమైన పరీక్షే, అయినా 32 ఉన్న నెయ్యిలో పదో వంతు పామాయిల్ కలిపినా అంకె 28 దాటే ఉంటుంది.

గ్యాస్ క్రొమటోగ్రఫీ ఉండగా ఈ పాత పరీక్షలెందుకని అడగొచ్చు. ఆ యంత్రం ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి వాటి పాళ్లు లెక్కగడుతుంది, నిజంగానే మెరుగు. అయితే మేత కూడా ఆ పాళ్లను కదిలిస్తుంది. ఆవులకు అతిగా నూనెలు తినిపిస్తే ఫలితం తప్పుగా రావచ్చని ఆ లడ్డూ నెయ్యిని పరీక్షించిన ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి మండలి) ల్యాబ్ తన రిపోర్టులోనే రాసింది. పత్తిగింజలు మేపే ప్రాంతాల నెయ్యికి పాత కల్తీ నిరోధక నిబంధనలు రైకర్ట్ హద్దును తగ్గించాయి కూడా. అలాగని దాణా పేరు చెప్పి ప్రతి ఫలితాన్నీ కొట్టేయలేం. మేత పాళ్లను మార్చగలదు గానీ, మొక్కల స్టెరాల్‌ని నెయ్యిలోకి పెద్ద మొత్తంలో దించలేదు. వేర్వేరు దారుల్లో వెళ్లిన పరీక్షలు ఒకే మాట చెబితే ఆ సాకు నిలవదు.

ఖర్చు మాటకొస్తే, బౌడోయిన్‌కు ఒక పరీక్షనాళిక, కొద్ది నిమిషాలు చాలు. ప్రతి ట్యాంకరుకూ చేయొచ్చు. తిరుపతిలోనే పశువైద్య విశ్వవిద్యాలయం, డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉన్నాయి. చుట్టూ చిత్తూరు పాడి పల్లెలు. ఏ మేతకు, ఏ కాలానికి ఇక్కడి నెయ్యి అంకెలు ఎంత కదులుతాయో కొలిచి పట్టిక కట్టాలి, దాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. అప్పుడే రైకర్ట్ విలువ 26 వచ్చిన నెయ్యిని చూసి, అది మేత పనో కల్తీ పనో వాదించుకోకుండా తేల్చగలం.