ఉగాదికి వచ్చే విలేఖరి
(పత్రికా విమర్శ)

ప్రతి సంవత్సరం ఉగాదికి వారం రోజుల ముందు మా ఆదివారపు తెలుగు బడికి నగరంలోని ఒక పెద్ద ఇంగ్లీషు పత్రిక నుండి టెలిఫోను వస్తుంది. "పట్టుపావడాలు కట్టుకున్న పిల్లలు నలుగురైదుగురు దొరుకుతారా?" అని అడుగుతారు. మేము సరే అంటాము. మరునాడు విలేఖరి, ఫోటో తీసేవారు వస్తారు. పిల్లల చేతికి పచ్చడి గిన్నె ఇచ్చి నవ్వమంటారు. అరగంటలో పని ముగించుకొని వెళ్ళిపోతారు. ఒక సంవత్సరం ఆ ఫోటో కింద "తమిళ సంవత్సరాది" అని అచ్చయింది. మేము మర్యాదగా ఉత్తరం రాశాము. జవాబు రాలేదు, సవరణా రాలేదు.

ఇది చిన్న విషయమే కదా అని కొందరు పెద్దలు అన్నారు. తమిళులు మనకు పరాయివారు కారు. ఒకే ఓడలలో వచ్చాము, చెరకు తోటలలో ఒకే బారకాసులలో తలదాచుకున్నాము. వారి పేరు మనకు తగిలించినందుకు మాకు కోపం లేదు. మా బాధ వేరు. సంవత్సరానికి అరగంట మాత్రమే మన గడప తొక్కే పత్రిక, కష్టం వచ్చిన రోజున మనల్ని ఎలా అర్థం చేసుకుంటుంది? మన మాట ఎవరిని అడిగి రాస్తుంది? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచినది ఇదే.

ముందుగా కొంత చరిత్ర చెప్పుకోవాలి. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుండి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుండి 1911 వరకు గిరిమిట్టు ఒప్పందం మీద లక్షా యాభై రెండు వేల మందికి పైగా నేటాలుకు వచ్చారు. వారిలో తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. కాని వచ్చినది మద్రాసు రేవు నుండి కనుక దొరల నోట అందరూ 'మద్రాసీలే' అయ్యారు. నాయుడు అన్న ఇంటిపేరు పత్రికలో కనబడితే ఆయన తెలుగువాడా, తమిళుడా అని విచారించిన సంపాదకుడు మాకు తెలిసి లేడు.

మన పత్రికలైనా మనల్ని గుర్తించాయా? గాంధీగారి ఆధ్వర్యంలో 1903లో డర్బన్‌లో 'ఇండియన్ ఒపీనియన్' ప్రారంభమైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం అనే నాలుగు భాషలలో వచ్చింది. తెలుగు లేదు. 1906లో హిందీ, తమిళ భాగాలు కూడా ఆగిపోయాయి. ఆ పత్రిక చేసిన సేవ సామాన్యమైనది కాదు. కాని మన ముత్తాతలు తమ కోసం జరిగిన పోరాటాన్ని తమ భాషలో ఒక్క వాక్యమైనా అందులో చదువుకోలేకపోయారన్నది కూడా నిజమే. ఒక సమాజం కోసం రాయడం వేరు, ఆ సమాజంతో కలిసి రాయడం వేరు.

కలిసి పనిచేయడానికి మంచి ఉదాహరణ కూడా అదే సంవత్సరంలో ఉంది. జాన్ డూబే గారు 1903లోనే జూలూ భాషలో 'ఇలాంగా' పత్రికను స్థాపించారు. దాని తొలి సంచికలు అచ్చయినది ఇండియన్ ఒపీనియన్‌ను అచ్చువేసిన ఇంటర్నేషనల్ ప్రింటింగ్ ప్రెస్సులోనే. భాషలు వేరు, పాఠకులు వేరు, అచ్చుయంత్రం ఒక్కటి. తరువాత ఆ ప్రెస్సు ఇనాండా ప్రాంతంలోని ఫీనిక్స్ ఆశ్రమానికి తరలివెళ్ళింది. డూబే గారి ఓహ్లాంగే విద్యాలయం కూడా ఇనాండాలోనే ఉంది. ఇరుగుపొరుగు పత్రికలు అంటే అవి.

ఆ ఇరుగుపొరుగుతనం నిలువలేదు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం మనుషులను పేటలుగా విడదీసింది. పత్రికలూ ఆ దారినే నడిచాయి. తెల్లవారి యాజమాన్యంలోని పెద్ద ఆదివారపు పత్రికలు ఇండియన్ పాఠకులకు 'ఎక్స్‌ట్రా' అనే పేరుతో వేరే పుటలు వేశాయి. మన పెండ్లిళ్ళు, మన ఆటల పోటీలు, మన గుడి తగాదాలు అందులో వచ్చేవి. మా ఇంట్లో ఆదివారం నాడు ముందు ఆ పుటలే తెరిచేవారు. మావాళ్ళ ఫోటోలు చూసి సంతోషించేవారు. కాని ఆ పుటలు తెల్లవారి వీధులకు వెళ్ళే ప్రతులలో ఉండవని మాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. మన గురించి మనకే చెప్పి, మిగిలిన దేశానికి చెప్పకపోవడం గౌరవం కాదు. సత్య, సమన్వయ సంఘం 1997 సెప్టెంబరులో పత్రికల మీద ప్రత్యేక విచారణ జరిపింది. వర్ణవివక్ష కాలంలో పత్రికలు ఎలా నడిచాయన్నది బహిరంగ చర్చకు వచ్చింది. చట్టాలు పోయాయి. కాని అలవాటు పోయిందా?

2021 జూలైలో దీనికి జవాబు దొరికింది. మాజీ అధ్యక్షుడు జూమా గారిని జైలుకు పంపిన తరువాత క్వాజూలూ-నేటాల్, గౌటెంగ్ రాష్ట్రాలలో దోపిడీలు, దహనాలు చెలరేగాయి. మూడు వందల యాభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1976లో ఇండియన్ల కోసం కట్టిన ఫీనిక్స్ పేటలో పోలీసులు కానరాక జనం భయంతో వీధులకు అడ్డుకట్టలు వేశారు. ఆ అడ్డుకట్టల దగ్గర దారిన పోయే ఆఫ్రికన్లను ఆపి కొట్టారు, కాల్చారు. ఆ ప్రాంతంలో 36 మంది మరణించారని ప్రభుత్వం ప్రకటించింది. వారిలో అత్యధికులు ఆఫ్రికన్లు. ఈ మాట రాయడానికి మా చేయి వణుకుతుంది. అయినా రాయక తప్పదు.

ఆ రోజులలో మేము దొరికిన పత్రికలన్నీ చదివాము. ఇంగ్లీషు పత్రికలలో "ఇండియన్లు" అన్న మాట కనబడింది. ఏ వీధి, ఎవరి ఇల్లు, ఎవరు కాల్చారు, ఎవరు అడ్డుపడి ఒక బాటసారిని కాపాడారు అన్న వివరాలు చాలా వార్తలలో లేవు. పెద్ద పత్రికలవారికి ఆ పేటలో ఎవరూ తెలియదు; తెలిసినవల్లా పండుగనాడు నవ్వే పిల్లలు. మన వారపత్రికలలో కాలిన దుకాణాలు, రాత్రి కాపలాలు, బ్రెడ్డు కోసం నిలిచిన వరుసలు వచ్చాయి. అదీ నిజమే. కాని చనిపోయినవారి పేర్ల కోసం మేము వెదికితే వారి తల్లుల మాట మన పుటలలో బహు తక్కువగా కనిపించింది. టెలిఫోన్లలో తిరిగిన వదంతులు ఆ ఖాళీని నింపాయి.

బడులు తెరిచిన తరువాత మాతో పనిచేసే జూలూ టీచరు ఒక జూలూ దినపత్రిక తెచ్చి మా బల్ల మీద పరిచారు. "చదవండి టీచర్" అన్నారు. మేము చదవలేకపోయాము. పుట్టిన నాటి నుండి ఈ నేల మీదనే ఉన్నాము. ముప్పై ఏళ్ళు దాటాక ఆదివారపు బడిలో కూర్చొని తాతల భాషను అక్షరం అక్షరంగా నేర్చుకున్నామని గర్వపడే వారము. పక్కింటి భాషలో ఒక మరణవార్త చదవలేకపోయాము. ఆమే మెల్లగా అర్థం చెప్పారు. ఉద్యోగం నుండి ఇంటికి నడిచిపోతున్న ఒక కుర్రవాడి కథ అది. ఆ కథ మన పత్రికలో రాలేదు. మనం కాపలా కాసిన రాత్రుల కథ వారి పత్రికలో రాలేదని ఆమె అన్నారు.

కనుక విమర్శ పెద్ద పత్రికలకే కాదు, మనకూ వర్తిస్తుంది. ఉగాదికీ గొడవకూ మాత్రమే వచ్చే విలేఖరిని తప్పుపడుతున్నాము. మన పత్రిక తిరగేసి చూడండి: ఉగాది, రామభజన, శ్రద్ధాంజలి. పొరుగువాడి ఊసు ఎక్కడ?

పెద్ద పత్రికలవారికి మా మనవి ఇది. పండుగ లేని రోజున రండి. ఆస్పత్రి వరుసల గురించి, బడి ఫీజుల గురించి, నీళ్ళు రాని కుళాయిల గురించి మా వాళ్ళనూ అడగండి. మా చిన్న పత్రిక నుండి వార్త తీసుకుంటే మా పేరు వేయండి, రాసినవారికి డబ్బు చెల్లించండి. మా వాళ్ళు ఉచితంగా దారి చూపే బంట్రోతులు కారు. పేరూ భాషా అడిగి రాయండి. తప్పు పడితే మీ పత్రికలోనూ మా పత్రికలోనూ సవరించండి. ఈ దేశపు 1996 రాజ్యాంగం ఆరవ విభాగంలో గౌరవించవలసిన భాషలలో తెలుగు పేరు స్పష్టంగా ఉంది. మేము అడుగుతున్నది దయ కాదు.

మన పత్రికా నిర్వాహకులకు కూడా ఒక మనవి. ప్రతి సంచికలో ఒక పుట పొరుగు పేటల వార్తకు కేటాయించండి. ఇనాండాలో, క్వామాషులో రాసే జూలూ విలేఖరులతో పరిచయం పెంచుకోండి. వారి వార్త మనం, మన వార్త వారు అనువదించి వేసుకుందాము. కష్టం వచ్చిన రాత్రి ఎవరికి టెలిఫోను చేయాలో ముందే తెలిసి ఉంటే వదంతికి అంత చోటు దొరకదు.

1985 ఆగస్టు అల్లర్లలో ఫీనిక్స్ ఆశ్రమం తగలబడింది. 2000లో దానిని బాగుచేసి మళ్ళీ తెరిచారు. గోడలు కట్టడం సాధ్యమైంది. ఒకే అచ్చుయంత్రం మీద రెండు పత్రికలు వేసిన ఆ స్నేహాన్ని తిరిగి కట్టడమే మిగిలిన పని.

మా వంతుగా మేము ఒకటి ప్రారంభించాము. బుధవారం సాయంత్రాలు బడి వదిలిన తరువాత ఆ జూలూ టీచరు తరగతిలో వెనుక బల్ల మీద కూర్చుంటున్నాము. యాభై దాటిన నాలుకకు కొన్ని శబ్దాలు ఇంకా లొంగడం లేదు. ఆమె ఉగాది పచ్చడిలో ఆరు రుచులు ఎందుకని అడిగారు, చెప్పాము. వచ్చే ఉగాదికి పత్రికవారు టెలిఫోను చేస్తే, ముందుగా ఒక బుధవారం రమ్మని చెప్పబోతున్నాము.