చిట్టెంలో దొరికిన మందు

జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లకు చిట్టెం అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇనుము కరిగేటప్పుడు పైకి తేలే మడ్డి అది. ఒకప్పుడు గుట్టలుగా పారబోసిన ఆ మడ్డే తర్వాత ఈ ఊరి జోజోబేరాలో సిమెంటుకు ముడిసరుకైంది. ఆయుర్వేదమైతే ఎప్పుడో పాత చిట్టెంతో మండూర భస్మం చేసి పాండురోగానికి ఇచ్చింది. ఇక్కడి బారిడీహ్‌లో ఉంటూ వారం వారం ఈ శీర్షిక రాసే మనిషికి జన్యువుల గురించి చదివినప్పుడల్లా ఆ చిట్టెమే గుర్తొస్తుంది.

1977లో ఒక కప్ప డీఎన్‌ఏలో పనిచేయని జన్యు నకలు బయటపడింది. దానికి సూడోజీన్ అని పేరు పెట్టారు. మనిషిలో అలాంటివి 14 వేలకు పైగా ఉన్నాయి. చాలాకాలం వాటిని చెత్త కింద జమకట్టారు.

ఈ శీర్షిక రాసే మనిషికి ప్రూఫులు దిద్దడం ఏళ్లనాటి అలవాటు. అసలును, నకలును పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చడమే ఆ పని. జన్యువుల దగ్గరా పని అదే. మార్పులొస్తే పార్కిన్సన్స్ ముప్పును పెంచే జీబీఏ1 జన్యువుకు పక్కనే జీబీఏపీ1 అనే సూడోజీన్ ఉంది. రెంటికీ పోలిక దాదాపు 96 శాతం. పరీక్షలో ఏది అసలో, ఏది నకలో తేల్చకపోతే రిపోర్టే తప్పవుతుంది.

అయితే నకలే ప్రాణం నిలిపిన కథ ఒకటి ఉంది. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, అంటే ఎస్‌ఎంఏ, వచ్చిన పిల్లలకు ఎస్‌ఎంఎన్1 జన్యువు ఉండదు, లేదా పనిచేయదు. వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలు నశించిపోతాయి. దాని జంట ఎస్‌ఎంఎన్2. పూర్తిగా చచ్చిన జన్యువు కాదు గానీ, సూడోజీన్‌కు దగ్గరి చుట్టం. ఏడో భాగంలో ఒక్క అక్షరం మారడంతో కణం ఆ భాగాన్ని దాటేసి, ఎక్కువగా పొట్టి ప్రొటీనే తయారుచేస్తుంది. పనికొచ్చే ప్రొటీన్ సుమారు పదో వంతు.

దాటేయమని కణానికి చెప్పే చోటును 2006లో రవీంద్ర సింగ్ బృందం గుర్తించింది. ఆ చోటును కప్పేసే మందు నుసినర్సెన్‌కు 2016 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని వెన్నులోకి ఎక్కించాలి. 2020లో వచ్చిన రిస్‌డిప్లామ్ తాగే మందు. రెండూ దిద్దేది ఎస్‌ఎంఎన్2 పనితీరునే. జబ్బు తీవ్రతను ముందే అంచనా వేయడానికీ ఎస్‌ఎంఎన్2 నకళ్ల సంఖ్యే ఆధారం. అవి ఎక్కువుంటే జబ్బు సాధారణంగా తేలిక.

మందు ఉంటే చాలదు, అందాలి. రోష్ కంపెనీ రిస్‌డిప్లామ్ సీసా ధర మన దేశంలో 6 లక్షల రూపాయలు దాటింది. హైదరాబాద్ కంపెనీ నాట్కో తయారుచేసిన అదే మందు అమ్మకాలను ఆపాలని రోష్ కోరినా 2025లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. నాట్కో సీసా ధర 15,900 రూపాయలు. అయినా, 20 కిలోలు దాటిన వాళ్లకు రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున 60 మిల్లీగ్రాముల సీసా 12 రోజులకే అయిపోతుంది. ఏడాదికి దాదాపు 30 సీసాలు. ఈ భారం ప్రభుత్వాలు పంచుకోవాల్సిందే.

తల్లిదండ్రులిద్దరిలోనూ ఎస్‌ఎంఎన్1 లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఎస్‌ఎంఏ వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు ఉంటుంది. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఇది మరింత పట్టించుకోవాల్సిన మాట. నెలలు గడుస్తున్నా బిడ్డ మెడ నిలపకపోయినా, కాళ్లూ చేతులూ వాలిపోతున్నా, పెరిగితే సర్దుకుంటుందని ఊరుకోవద్దు. ఎస్‌ఎంఎన్1 పరీక్ష చేయమని డాక్టరుని అడగండి. జబ్బు ఉందని తేలితే ఎస్‌ఎంఎన్2 నకళ్లు ఎన్ని ఉన్నాయో కూడా రిపోర్టులో రాయించుకోండి. చికిత్స ఎంత తొందరగా మొదలైతే అంత ఎక్కువ నాడీకణాలు మిగులుతాయి.