కన్యాశుల్కము నుండి వరవిక్రయమునకు

సంఘసంస్కరణోద్యమముల ఫలితములను గణించువారు సాధారణముగ శాసనములను, సభలను, జరిగిన వివాహములను లెక్కింతురు. 1856లో వితంతు వివాహములకు చట్టసమ్మతి లభించినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించిరి. 1891లో సమ్మతి వయస్సు పదేండ్లనుండి పండ్రెండేండ్లకు పెంపబడినది. 1929లో బాల్యవివాహ నిరోధక శాసనము వెలువడినది. ఇవి యన్నియు చరిత్రలో నిలువదగిన ఘట్టములే. కాని యొక యుద్యమము సంఘమున దేనిని మార్చినది, దేనిని తాకకయే విడిచినది యను ప్రశ్నకు ఈ పట్టిక సమాధానము చెప్పజాలదు. ఆ సమాధానమునకై మేము ఇచ్చట రెండు నాటకములను చేర్చి పరిశీలింప దలచితిమి. ఒకటి గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’; రెండవది కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’.

కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రథమముగ ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది, మిక్కిలి పెంపబడి, మార్పులు పొంది 1909లో మరల వెలువడినది. ప్రథమ ముద్రణమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో అప్పారావుగారు కొన్ని లెక్కల నిచ్చిరి. ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణ కుటుంబములలో శుల్కము పుచ్చుకొని చేసిన వివాహముల పట్టికను తయారు చేయించిరి. మూడేండ్లలో 1034 వివాహములు లెక్కకు వచ్చినవి. వానిలో అయిదేండ్ల వధువులు 99 మంది. ఏడాది వయస్సుగల శిశువులు ముగ్గురు. కావున నాటక వస్తువు కల్పితము కాదు. నాటకమున అగ్నిహోత్రావధానులు రెండవ కూతురైన సుబ్బిని వృద్ధుడగు లుబ్ధావధానులకు 1800 రూపాయలకు ఈయ నిశ్చయించును. పెద్దకూతురు బుచ్చమ్మ అట్టి వివాహఫలమునే యనుభవించుచు, బాలవితంతువై యింటనే యున్నది. ఈ సంగతి ఎరిగియు తండ్రి మనసు మారదు. తల్లి వెంకమ్మ నూతిలో దూకును.

ఈ నాటకమును గూర్చి విమర్శకులలో రెండు తెగల యభిప్రాయములు చిరకాలముగ నున్నవి. ఇది సంస్కరణ ప్రచారమునకై వ్రాసినదని కొందరందురు. సంస్కర్తలను పరిహసించుటకు వ్రాసినదని మరికొందరందురు. మొదటివారికి పీఠిక యాధారము. రెండవవారికి గిరీశము ఆధారము. వితంతు వివాహమును గూర్చి నాటకమున గిరీశమంత ధారాళముగ మాటలాడిన పాత్ర వేరొకటి లేదు. వానియంత నమ్మదగని పాత్రయు లేదు. మా యభిప్రాయమున ఈ రెండు వాదములును నాటకమున ఎవరు ఏమనుచున్నారో వినుచున్నవి. ఆడుపిల్లకు తుదకు ఏమి జరిగినదో చూచుట లేదు.

దానిని చూతము. సుబ్బి రక్షింపబడినది. ఎవరివలన? ఉపన్యాసమువలన కాదు, చట్టమువలనను కాదు. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి, లుబ్ధావధానులకే కన్యగా అమ్మినందువలన. అనగా కరటకశాస్త్రి సంతను ధిక్కరింపలేదు. సంత నియమములతోనే సంతను మోసగించినాడు. పిదప మాయమైన ‘వధువు’ను హత్య చేసినాడన్న నేరము లుబ్ధావధానులపై పడగా, నిజమును బయటపెట్టి ఆ వృద్ధుని కాపాడినది మధురవాణి. సౌజన్యారావు పంతులు నిజాయితీగల సంస్కర్త. వేశ్యాస్పర్శను పరిహరించిన వ్రతశీలి. అట్టివానికి కావలసిన సత్యము, ఆయన యుద్యమము ఇంటి గడప యెక్కనీయని స్త్రీ చేతిలోనే యున్నది. ఆమె మొదట దానికి మూల్యమడిగి, పిదప తానే ఆ మూల్యమును వదలుకొన్నది. తమ కుమార్తెలకు వెల చెప్పు గృహస్థులు నిండిన ఈ నాటకమున, తనకు రావలసిన వెలను విడిచిన వ్యక్తి, వెల బహిరంగముగ నున్న ఆమెయే. మా దృష్టిలో నాటకమునకు కేంద్రమిచ్చట నున్నది.

ఇక బుచ్చమ్మ. గిరీశము మాటలు నమ్మి ఇల్లు విడిచిన ఆమెకు వివాహము కాలేదు. పూనాలోని వితంతు శరణాలయమునకు పంపు ఏర్పాటు జరిగినది. ఇది పరిహాసమని మేము తలపము. వీరేశలింగము పంతులుగారి చరిత్ర యెరిగినవారికి దీని యర్థము తెలియును. వివాహము జరిపించుట యొక పూటపని; బహిష్కృతులైన దంపతులను, ఆశ్రయము లేని వితంతువులను పోషించుట యావజ్జీవితపు పని. వంటవారు, నీరు తెచ్చువారు మానివేసినప్పుడు ఆ పనులను తానే చేసికొనిన రాజ్యలక్ష్మమ్మగారి శ్రమయు, కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి ధనమును లేనిచో ఆ యుద్యమము సభలలోనే నిలిచిపోయెడిది. గిరీశమునకు మాట యున్నది, ఇల్లు లేదు. ఈ భేదమును చూపుటయే అప్పారావుగారు సంస్కరణకు చేసిన నిజమైన సేవ.

అయినను నాటకమున మరియొక బీజమున్నది. దానిపై విమర్శకుల దృష్టి తగినంత ప్రసరింపలేదు. వెంకటేశముచేత ఇంగ్లీషు చదివించుటకై అగ్నిహోత్రావధానుల యింట జరుగు వివాదమే ఆ బీజము. ఖర్చునకు తండ్రి విసుగుకొనును. కొడుకు పెద్ద యుద్యోగము చేయునని తల్లి ఆశపడును. నాడు ఆ యింట వెల గలది కూతురు. కొడుకు చదువు కేవలము వ్యయము. కాని ఇంగ్లీషు చదువునకు సర్కారు కొలువు ఫలముగ దొరకుట మొదలిడగానే లెక్క తలక్రిందులైనది. చదివిన వరులు కొలదిమంది. వారిని కోరు తండ్రులు పెక్కుమంది. వెల కన్యను విడిచి వరుని చేరినది.

1920ల తొలినాళ్ళ ‘వరవిక్రయము’ ఈ రెండవ దశకు సాక్ష్యము. కట్నమును రోయు పురుషోత్తమరావు కూడ తుదకు కట్నమిచ్చుటకు లోబడును. తనకై తండ్రి పడు బాధ చూడలేక కాళింది ఆత్మహత్య చేసికొనును. అదే వరుని పెండ్లాడిన చెల్లెలు కమల, ధనమిచ్చి కొన్న వరుడు కొన్నవారి సొత్తు కావలెను గాని అమ్మినవారిది యెట్లగునని న్యాయస్థానమున నిలదీయును. అమ్మకము అమ్మకమే యని ఒప్పించుట ఆమె వాదము. ముప్పది యేండ్ల క్రిందట తల్లి నూతిలో దూకినది. ఇప్పుడు కూతురు ప్రాణము విడిచినది. కరటకశాస్త్రి వేషముతో చేసిన పనిని కమల తర్కముతో చేసినది. ఇరువురును సంత నియమములనే సంతపై ప్రయోగించిరి. రెండు నాటకముల నిర్మాణమున గల ఈ సామ్యము యాదృచ్ఛికము కాదు. శుల్కమును నిందించిన ఉద్యమము, వివాహమున వెల కట్టు బుద్ధిని నిందించినంత గట్టిగ నిర్మూలింపలేకపోయినది.

ఈ విమర్శకు ఒక పరిమితి కలదని మేమే చెప్పవలెను. ఈ రెండు నాటకముల సంఘము ప్రధానముగ అగ్రవర్ణ గృహస్థుల సంఘము. ఓలి యిచ్చి పిల్లను తెచ్చుకొను ఆచారము, మారుమనువు ఆచారము గల అనేక కులములలో వితంతు వివాహము క్రొత్త సంస్కరణ కాదు. అది పాత కట్టుబాటే. ‘సంఘము’ అను పదముతో నాటి సంస్కర్తలు తమ కులముల గృహములనే యెక్కువగ భావించిరి. ఆ పదమును నేటి పరిశోధకులు అదే యర్థమున వాడుట పొరపాటు.

అయినను ఫలితమున్నది. బాలికలను వృద్ధులకు అమ్ముట సభ్యసమాజమున సిగ్గుపడవలసిన పని యైనది. వితంతువునకు చదువు, ఆశ్రయము దొరకదగునను భావము నాటుకొన్నది. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినది. వచ్చి ఆరు దశాబ్దములు గడచినను కట్నము పోలేదన్నది అందరెరిగిన విషయమే. ‘కన్యాశుల్కము’ను నేడు తరగతిలో బోధించునప్పుడు, అది గతించిన దురాచారమును గూర్చిన నాటకమని చెప్పి ముగించుట పరిపాటి. అట్లు ముగించుట అప్పారావుగారికి న్యాయము కాదు. శుల్కము గతించినది, సుబ్బికి వెల కట్టిన చేయి గతింపలేదు. ఆ చేయి ఏ వైపునకు తిరిగినదో విద్యార్థులకు తెలియవలెనన్న, వెంకటేశము చదువును గూర్చిన ఘట్టమును మరల చదివించి, దాని ప్రక్కన కమల వాదమును ఉంచవలెనని మా మనవి.