ముందు బలం, తర్వాత బాధ

జీవితంలో పెద్ద దెబ్బ తిన్నవాళ్ళకి చుట్టూ ఉన్నవాళ్ళు సాధారణంగా చెప్పేవి రెండు మాటలు. ఒకటి, "జరిగింది మర్చిపో". రెండోది, "గట్టిగా ఏడ్చెయ్, తేలికవుతుంది". మర్చిపొమ్మంటే మరపు రాదు. బాధనంతా ఒక్కసారిగా తోడుకుంటే కొందరికి పాత గాయం మళ్ళీ రేగుతుంది. ఈ రెండూ కాని దారి ఒకటి ఉందని వియత్నాం బౌద్ధ భిక్షువు తిక్ న్యాత్ హాన్ జీవితాంతం బోధించారు.

దుఃఖం ఆయనకు పుస్తకాల్లో తెలిసింది కాదు. 1926లో పుట్టిన ఆయన, వియత్నాం యుద్ధకాలంలో బాంబులకు కూలిన ఊళ్ళను తిరిగి నిలబెట్టేందుకు యువతకు శిక్షణ ఇచ్చారు. 1966లో శాంతి కోరుతూ అమెరికా వెళ్ళాక, మళ్ళీ స్వదేశంలో అడుగుపెట్టడానికి 39 ఏళ్ళు పట్టింది. ఆ ప్రవాసంలోనే, 1982లో ఫ్రాన్స్‌లో ప్లమ్ విలేజ్ అనే ధ్యాన కేంద్రం స్థాపించారు. వియత్నాంలో పోరాడి వచ్చిన అమెరికన్ మాజీ సైనికుల కోసం ధ్యాన శిబిరాలు నడిపారు. తన దేశం మీద తుపాకీ ఎత్తినవాళ్ళకే, ఆ యుద్ధం మిగిల్చిన గాయాన్ని ఎలా చూసుకోవాలో నేర్పారు.

ఆ బోధనకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి, శ్వాస మీద ధ్యాస గురించి బుద్ధుడు చెప్పిన ఆనాపానసతి సుత్తం. అందులో 16 అభ్యాసాలున్నాయి. మొదటి నాలుగూ శ్వాసకు, శరీరానికి సంబంధించినవి. అయిదోది ప్రీతి, అంటే ఆనందం, ఆరోది సుఖం. మనసులో కదిలేదాన్ని గమనించడం ఏడోది, దాన్ని నెమ్మదింపజేయడం ఎనిమిదోది. గాయపడిన మనిషికి ఈ వరుసే కీలకం. బాధ దగ్గరికి వెళ్ళే ముందు ఒళ్ళు కుదుటపడాలి, మనసు కొంచెం సంతోషాన్ని రుచి చూడాలి. వేడి టీ, చెట్టునీడ, తోడుగా కూర్చున్న మనిషి, ఏదైనా సరే. ఆ బలం లేకుండా దుఃఖాన్ని ఎదుర్కోమనడం అన్యాయం.

కొంత బలం చేరాక అసలు సాధన మొదలవుతుంది. పొట్ట పొంగడం, తగ్గడం గమనిస్తూ ఊపిరి తీసుకోవాలి. గొంతు పట్టేసినా, గుండె బరువెక్కినా, "ఇది భయం, వచ్చిందని నాకు తెలుసు" అనుకోవాలి. ఏడ్చే బిడ్డను తల్లి ముందు ఎత్తుకుంటుంది, ఎందుకేడుస్తోందో తర్వాత చూస్తుంది. బాధనూ అలాగే ఎత్తుకోమనేవారు ఆయన. కారణాలు వెతకడం తర్వాతి పని. కాసేపు చాలు, మళ్ళీ శ్వాసకు వచ్చేయాలి. కూర్చోలేనివాళ్ళు అడుగునూ ఊపిరినీ జతచేసి నడవవచ్చు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. కళ్ళు మూసుకోగానే జరిగిన ఘోరం మళ్ళీ జరుగుతున్నట్టు అనిపిస్తే వెంటనే ఆపాలి. కళ్ళు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పుకోవాలి. అలాంటివాళ్ళు ఒంటరిగా సాధన చేయకుండా మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. ప్రభుత్వ ఉచిత సహాయవాణి టెలీ మానస్, 14416లో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

దుఃఖం రాకుండా చేస్తానని ఈ సంప్రదాయం మాట ఇవ్వదు. వచ్చినప్పుడు దాని నుంచి పారిపోకుండా, దానిలో మునిగిపోకుండా ఉండే నేర్పు ఇస్తుంది. ఆ నేర్పు లేనిచోట మింగిన బాధ కోపమై ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది, పిల్లలకు వారసత్వమవుతుంది. తన బాధను తాను చూసుకోగలిగినవాళ్ళు దాన్ని తమ తర్వాతివాళ్ళకు అంటనివ్వరు. ఈ సాధన చేసే అతి పెద్ద మేలు అదే.