స్లర్రీ షీల్డు సంకలితాలు: చొరబాటు దూరమొక్కటే గీటురాయా?

మిక్కిలి పారగమ్యత గల గులకనేలల్లో స్లర్రీ షీల్డు యంత్రంతో సొరంగం తొలిచేటప్పుడు బెంటొనైట్ ద్రవానికి ఏమి కలపాలన్న చర్చలో, పీటర్ ఫ్రిట్జ్ 2007లో ప్రచురించిన వ్యాసం తరచూ ప్రస్తావనకు వస్తుంది. ఇసుక, వర్మిక్యులైట్, పాలిమర్లను సంకలితాలుగా పరిశీలించిన ఆ కృషికి జ్యూరిక్ ఈటీహెచ్ ప్రయోగశాల వేదిక. ఈ మార్గంలో నడిచే పరిశోధనలు సంకలితం గుణాన్ని ప్రధానంగా ఒకే కొలతతో తూచే అలవాటుపై ఈ విమర్శ.

ఆ కొలత చొరబాటు దూరం. వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం, పీడన వ్యత్యాసాన్ని నేల డి10 పరిమాణంతో గుణించి, స్లర్రీ ఈల్డ్ ప్రతిబలానికి రెట్టింపుతో భాగిస్తే ఆ దూరం వస్తుంది. 50 కిలోపాస్కళ్ల వ్యత్యాసం, 1 మిల్లీమీటరు డి10, 15 పాస్కళ్ల ఈల్డ్ ప్రతిబలం తీసుకుంటే అది సుమారు 1.7 మీటర్లు; డి10 రెట్టింపైతే దూరమూ రెట్టింపే. చొరబాటు పెరిగేకొద్దీ ముఖభాగపు స్థిరత్వం తగ్గుతుందని అనాగ్నోస్టూ, కోవారి 1994లో చూపారు కనుక ఈ కొలత ప్రాధాన్యం నిస్సందేహం. అయితే ఈ సూత్రంలో స్లర్రీ రేణువుల పరిమాణానికి చోటే లేదు. ఇసుక గాని, వర్మిక్యులైట్ పలకలు గాని పనిచేసేది ప్రధానంగా రంధ్రాల ఇరుకు కంఠాలను మూసివేయడం ద్వారా. అంటే ఏ గుణం కోసం సంకలితాన్ని వాడుతున్నామో, ఆ గుణమే సూత్రానికి కనబడదు. దానిని ఈల్డ్ ప్రతిబలపు పెంపుగా లెక్కగట్టడం యాంత్రిక ప్రక్రియనే తారుమారు చేయడం.

కాలం సంగతి మరీ ముఖ్యం. నిమిషానికి 2 చుట్లు తిరిగే కట్టర్‌హెడ్‌పై ఒకే వలయంలో 4 పళ్లున్నాయనుకుందాం. ముఖంపై ఒకే చోటు ప్రతి 7.5 సెకన్లకు గీరబడుతుంది. ప్రయోగశాల గొట్టంలో చొరబాటు పూర్తిగా నిలిచేదాకా వేచి కొలిచిన దూరం, పొర ఏర్పడీ ఏర్పడకముందే తెగిపోయే ఈ స్థితిని ఎలా సూచించగలదు? నెదర్లాండ్స్‌లోని రెండవ హైనెనూర్డ్ సొరంగం వద్ద తవ్వకం సాగుతున్నప్పుడు ముందున్న రంధ్రజల పీడనం పెరిగి, యంత్రం ఆగినప్పుడు తగ్గినట్లు నమోదైంది. అక్కడిది ఇసుకనేల, గులకనేలకు ఆ అంకెలను యథాతథంగా అన్వయించరాదు. కాని తవ్వకం, విరామం రెండు వేర్వేరు సమస్యలన్న పాఠం మాత్రం అన్వయిస్తుంది.

ఇక వేర్పాటు ప్లాంటు. తిరిగివచ్చిన స్లర్రీ నుండి జల్లెళ్లు, హైడ్రోసైక్లోన్లు తవ్విన మట్టితోపాటు మనం కలిపిన ఇసుకనూ తీసివేస్తాయి. కనుక ముతక సంకలితమంటే ఎడతెగని మోతాదే. ఖర్చు లెక్క కూడా అక్కడే మొదలవుతుంది. (తవ్వకంలో స్లర్రీలో చేరే సన్నరేణువులు కొంతవరకు సంకలితం పనే చేస్తాయి, తాజాగా కలిపిన ప్రయోగశాల ద్రవంలో అవి ఉండవు.)

పళ్లు మార్చడానికి మనుషులు సంపీడిత గాలిలో ముందుకు వెళ్లే విరామంలో పరిస్థితి వేరు. స్లర్రీ మట్టం దించుతారు, గీరే పని ఉండదు, ముఖంపై పొర ఒక్కటే గాలిని ఆపాలి. అక్కడ ముతక సంకలితం విలువ నిర్వివాదం, వాడే పరిమాణమూ పరిమితం. కాబట్టి గొట్టపు పరీక్షను రెండుగా విడదీయడం న్యాయం: మొదటిదానిలో కొన్ని సెకన్లకొకసారి పైపొరను గీరుతూ స్లర్రీ నష్టాన్ని కొలవాలి, రెండవదానిలో స్లర్రీ తొలగించి, గాలి పీడనం కింద పొర ఎన్ని గంటలు నిలుస్తుందో చూడాలి.