క్యాంపు ఇంటి అరిసెలు

నిజామాబాద్ జిల్లాలో క్యాంపు అంటే కోస్తా నుంచి తరలివచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. మంజీర నదిపై 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ కింద వరి పండించడంలో చెయ్యి తిరిగిన కృష్ణా, గోదావరి డెల్టా రైతులు ఆ ఆయకట్టులో భూములు కొని బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ వైపు స్థిరపడ్డారు. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడ్డాక వరికి చెరకు తోడైంది.

సేద్యం పేరు మగవాళ్లకు వచ్చింది. పుట్టిన సీమ ఆనవాయితీని నిలబెట్టింది మాత్రం ఇంటి ఆడవాళ్లు. ధనుర్మాసం ముగ్గు, గుమ్మడిపువ్వు పెట్టిన గొబ్బెమ్మ, వేసవిలో ఆవకాయ జాడీ వాళ్ల చలవే. వీటన్నిటిలో ఎక్కువ నేర్పు అడిగేది సంక్రాంతి అరిసె.

కొత్త బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి. నీళ్లు వాడ్చి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూతపెడతారు. తడి పోతే అరిసె గట్టిపడుతుంది. బెల్లం పాకాన్ని చల్లటి నీళ్లలో వేసి చూస్తారు. వేళ్ల మధ్య మెత్తటి ఉండగా నిలిస్తే వెంటనే దించి పిండి కలపాలి. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే కొరుకుడు పడదు. నువ్వులద్ది, అరిటాకు మీద తట్టి, వేయించి, రెండు చిల్లుల గరిటెల మధ్య నూనె పోయేదాకా నొక్కుతారు.

అదే తడిపిండితో ఇరుగింటి తెలంగాణ ఆడవాళ్లు సకినాలు చేస్తారు. నువ్వులు, వాము, ఉప్పు కలిపిన పిండిని వేళ్లతో మెలితిప్పుతూ గుడ్డ మీద వరుసలుగా చుట్టి, కాస్త ఆరాక నూనెలో వేస్తారు. క్యాంపు ఇళ్లలోనూ సకినాలు చుట్టే చేతులున్నాయి. తంగేడు, గునుగు పేర్చి బతుకమ్మ ఆడే క్యాంపు ఆడపిల్ల సంక్రాంతికి గొబ్బెమ్మ పెడుతుంది. పుట్టుక మీద గర్వం అంటే ఇదే: తనది వదలకపోవడం, పొరుగువారిది మనసారా నేర్చుకోవడం.

ఈలోగా క్యాంపుల బతుకు మారింది. బోధన్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు రైతులకు ఆ దెబ్బ పెద్దది. చదువులకూ ఉద్యోగాలకూ హైదరాబాద్, అమెరికా వెళ్లిన పిల్లలకు ఇప్పుడు అరిసెలు డబ్బాల్లో అందుతున్నాయి. డబ్బాతో రుచి వెళ్తుంది, విద్య వెళ్లదు. పిండిలో ఎంత తడి ఉండాలో, పాకం ఎప్పుడు దించాలో పక్కన కూర్చుని చేతితో పట్టుకుంటేనే తెలుస్తుంది. అందుకే పండక్కి వచ్చిన మనవరాలికి అరిసెలు పెట్టడంతో సరిపెట్టకుండా, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి పాకం చూపించే అమ్మమ్మ ఉన్న ఇంట్లోనే ఈ విద్య మరో తరానికి దక్కుతుంది.