కళాశాల గణితము: ప్రశ్న ముందా, సూత్రము ముందా?

గణితమునందు ఆసక్తి లేని విద్యార్థి కళాశాలకు కొత్తవాడు కాడు. కోరిన చదువులో సీటు దొరకక గణితములో చేరినవారును, ఉద్యోగమునకు పట్టము చాలునని వచ్చినవారును ప్రతి తరగతిలో కొందరుందురు. వారిని గూర్చి అధ్యాపకులు సాధారణముగా చెప్పు మాట: “పునాది లేదు, శ్రద్ధ లేదు.” ఇందులో కొంత నిజము లేకపోలేదు. కాని శ్రద్ధ పుట్టుటకు పాఠములో తావున్నదా అను ప్రశ్న అంత తరచుగా వినబడదు.

పాఠ్యపుస్తకముల వరుసను చూడుడు: నిర్వచనము, సిద్ధాంతము, ఉపపత్తి, ఉదాహరణము, అభ్యాసము. విషయము తెలిసినవానికి ఈ వరుస ముచ్చటగా కనిపించును. తెలియనివానికి మాత్రము ఇది తానెన్నడు అడుగని ప్రశ్నకు దొరికిన జవాబు. అట్టి జవాబును కంఠస్థము చేయుట తప్ప అతడు చేయగలిగినది లేదు.

కథలు చేర్చినచో ఈ కొరత తీరునని కొందరందురు. ఇది పాత ఉపాయమే. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహము’న లెక్కలను కథలలో పొదిగెను. 11వ శతాబ్దిలో పావులూరి మల్లన దానిని తెనిగించి, జైనపరమైన ఉదాహరణములను శైవపరముగా మార్చెను. లెక్కను పాఠకుని భాషకును, అతని లోకమునకును దగ్గర చేయవలెనన్న మల్లన దృష్టి మెచ్చదగినది. అయినను కథకు ఒక హద్దున్నది. పైపూతను తీసివేసినచో మిగులునది మరల ఆ సూత్రమే. కథ వలన లెక్క జ్ఞాపకముండును. సూత్రము ఎందుకు కావలసివచ్చెనో తెలియదు.

అవసరమును పుట్టించు ప్రశ్నలు చుట్టుపట్లనే ఉండును. 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన కల్వకుర్తి ప్రాంతమునే తీసికొనుడు. కల్వకుర్తి ఎత్తిపోతల పథకమున శ్రీశైలము జలాశయపు నీటిని ఎల్లూరు వద్ద మొదటి దశలో 5 పంపులు ఎత్తును. ఒక్కొక్క పంపు సామర్థ్యము 800 క్యూసెక్కులు. అన్నియు ఎడతెగక నడిచినచో, మొదట ఉద్దేశించిన 25 టి.ఎం.సి.ల నీటిని ఎన్ని దినములలో ఎత్తగలవు? టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. సెకనుకు 4,000 ఘనపుటడుగుల చొప్పున దినమునకు 34.56 కోట్లు, కావున సుమారు 72 దినములు. దీనికి హైస్కూలు లెక్క చాలును. కలనగణితముతో పని లేదు.

ఇప్పుడు అదే ప్రాంతపు చెరువు తూమును గూర్చి అడుగుడు. తూము తీసినచో చెరువు ఎన్నాళ్లకు ఖాళీయగును? నీటిమట్టము తగ్గినకొలది ధార బలహీనమగును. వేగము స్థిరముగా లేదు కనుక భాగహారము పనికిరాదు. పాత పరికరము విరిగిన ఈ చోటనే కొత్తదాని కొరకు మనస్సు వెదకును.

ప్రయోగమునకు నిలువు గోడల డబ్బా ఒకటి చాలును. అడుగున చిన్న రంధ్రము చేసి, దానికి పైన 16 సెంటీమీటర్ల ఎత్తు నీరు పోయుడు. అది 4 నిమిషములలో ఖాళీయగుననుకొందము. 2 నిమిషములకు ఎంత మిగులునని ముందుగా అడిగినచో, ఎక్కువమంది 8 అందురు. డబ్బా 4 అని చెప్పును! నిమిషము నిమిషమునకు మట్టము 16, 9, 4, 1, 0; తగ్గుదల 7, 5, 3, 1. ధారావేగము ఎత్తు యొక్క వర్గమూలమునకు అనుపాతములో ఉండునని టోరిచెల్లి 1644లో ప్రకటించెను. ఇక అవకలన సమీకరణము బల్లపై వ్రాసినచో అది తరగతి అడిగిన ప్రశ్నకు సమాధానమగును. కొలతలో చివరి సెంటీమీటరు సరిగా కుదరకపోవచ్చును. తలతన్యత వంటివి సమీకరణములో చేరలేదు గదా! నిజమైన చెరువుకు నిలువు గోడలు లేవు. మట్టముతో వైశాల్యము మారును. అచ్చట సమాకలనము అవసరమగును.

“ఇంత తీరిక ఎక్కడిది? పరీక్ష ముంచుకొని వచ్చుచున్నది గదా!” అను ఆక్షేపణ తేలికగా కొట్టివేయదగినది కాదు. ప్రతి పాఠమునకు డబ్బా తేనక్కరలేదు. అధ్యాయమునకు ఒక మంచి ప్రశ్న చాలును. అమూర్త బీజగణితమునకు చెరువులు లేవందురా? వాకిటి చతురస్రపు ముగ్గున్నది. చతురస్రమునకు సౌష్ఠవములు 8. కొన్ని ముగ్గులు నాలుగు భ్రమణములకు మాత్రమే లొంగును, అద్దమునకు లొంగవు. ఎందుకని అడిగినచో సమూహమును, ఉపసమూహమును తలుపు తట్టును. ప్రయోజనము లేకున్నను చిక్కుముడి ఆకర్షించును.

అయితే పరీక్ష ఉపపత్తిని అప్పజెప్పుటనే కోరినంతకాలము ఈ యత్నము సగములోనే ఆగును. “ముందుగా అంచనా వేసి, అది తప్పినచో కారణము చెప్పుము” అను ప్రశ్న ఒక్కటైనను ప్రశ్నపత్రములో చేరవలెను. లేనిచో, అడిగే అవకాశమే దొరకని విద్యార్థి తనకు బుద్ధి లేదని నమ్మి కళాశాల విడిచిపోవును. ఆ నష్టము గణితమొక్కదానితో పోదు.